జంపక్క చేనుకు మా శాఖ ముద్ర

చరిత్ర ప్రజలదేనని 1991 జూలై తొమ్మిదో తేదీ మధ్యాహ్నం రెండు గంటలకు విశ్వవిద్యాలయం నిర్ణయించింది. (అంతవరకు అది ఎవరిదో సర్క్యులర్‌లో రాయలేదు.) ఇకపై ప్రతి చరిత్ర శాఖా ఏటా రెండు గడుల నివేదిక పంపాలి. మొదటి గడి ప్రజలతో సంబంధం, రెండోది పట్టభద్రుల విజయం. ఏ గడి ఖాళీగా ఉన్నా శాఖనే ఖాళీ చేయిస్తామని ప్రజాసాన్నిహిత్య ప్రత్యేకాధికారి గారు కింద ఎర్ర సిరాతో రాశారు.

ఖమ్మం జిల్లాలో అడవి మొదలయ్యే చోట, రెండు గదుల్లో ఉన్న అలాంటి ఒక శాఖకు బసవపున్నయ్య అనే నేను అధిపతిని. (నాతో కలిపి ఇద్దరం. రెండో ఆయన డిప్యుటేషన్ మీద వెళ్లి నాలుగేళ్లయింది.) అప్పటికి ప్రజలతో మాకున్న సంబంధం ఎదురుగా ఉన్న టీకొట్టు వరకే. రెండో గడికి మాత్రం దిగులు లేదు. మా పాత విద్యార్థి, కారేపల్లి వాడు వెంకటనారాయణ, అడవి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పదేళ్లలో చరిత్ర ఎం.ఏ.తో కుర్చీ ఉన్న ఉద్యోగం సంపాదించింది అతనొక్కడే. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా అతని పేరు చెప్పి కళ్లు తుడుచుకునేవాణ్ణి.

మొదటి గడి కోసం నలభై రెండు ప్రశ్నలతో మౌఖిక చరిత్ర ఫారం తయారుచేసి, అటెండర్ ఎల్లస్వామిని వెంటబెట్టుకుని, భద్రాచలం బస్సు దిగి ఒక గూడేనికి నడిచాను. మమ్మల్ని చూడగానే మగవాళ్లంతా అడవిలోకి పరుగు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వాళ్లమనుకున్నారట. (నా సంచీ కూడా అలాగే ఉంటుంది.) కదలనిది జంపక్క ఒక్కతే. అరవై దాటిన మనిషి.

"ఏం రాస్తవ్ సారూ?"

"మీ చరిత్ర, అవ్వా. ఎప్పటి నుంచి ఇక్కడున్నారు, ఏం పండించుకుంటున్నారు, అన్నీ."

"అన్నీ? చేను సంగతి గూడ?"

చేను సంగతి ఇది. ఆమె మూడెకరాల జొన్నచేను మధ్య నుంచి అడవి ఆఫీసు వాళ్లు కందకం తవ్వబోతున్నారు. 1980కి ముందు నుంచి దున్నుతున్నట్టు రుజువు చూపిస్తే చేను ఆమెది, చూపకపోతే అడవిది.

"మా మావ నరికిండు సారూ గా చెట్లు. అప్పుడు నా పెద్దోడు కడుపుల ఉన్నడు. గిప్పుడు వాని బిడ్డకు పెండ్లి గూడ అయింది. ఇంక కాగితమేంది?"

నాకు ఒళ్లు పులకరించింది. ఇంత చక్కటి మౌఖిక ఆధారం నా సర్వీసులో దొరకలేదు. ఏ మొద్దు ఎక్కడుండేది, ఏ ఏడు వాన ఎగ్గొట్టింది, పోయిన అత్తకు గుర్తుగా రాయి ఎక్కడ పాతారు, మొత్తం పదకొండు పేజీలు రాశాను. చివర ఆమె వేలిముద్ర, పక్కన మా శాఖ గుండ్రటి రబ్బరు ముద్ర.

"గీ ముద్ర సర్కారుదేనా సారూ?"

ఆ ముద్ర మా గుమ్మం దాటితే చెల్లదు. (గుమ్మం లోపల నా సెలవు చీటీ మీద కూడా చెల్లలేదు.) ఆ ముక్క అక్కడే చెప్పాల్సింది. మొదటి గడి గుర్తొచ్చి, "యూనివర్సిటీ సర్కారుదే కదా అవ్వా" అన్నాను, సిగ్గులేకుండా.

సాయంత్రానికి మగవాళ్లంతా తిరిగొచ్చి ముద్ర కోసం వరస కట్టారు. ఫారాలు అయిపోతే బీడీకట్టల కాగితాలు చాపారు.

"ప్యాడ్ ఎండింది సార్, ఉమ్మేసి కొట్టాల్నా?" అని ఎల్లస్వామి అడిగాడు. ప్రజా స్పందన అపూర్వమని నమోదు చేసుకున్నాను.

వారం తిరక్కుండా జంపక్క మా శాఖకు వచ్చింది. "ఆఫీసుకు పోతున్న. నువ్వు గూడ రా సారూ, ముద్ర నీదే గద."

వెళ్లాను. నన్ను చూడగానే వెంకటనారాయణ లేచి, కుర్చీ తుడిచి, టీ తెప్పించాడు. రెండు గడులూ ఒకే బల్ల దగ్గర నిండుతున్నాయని మురిసిపోయాను. అతను పదకొండు పేజీలూ వేలు పెట్టి చదివాడు.

"మంచిగ రాసిన్రు సార్. కానీ చెల్లదు."

"ఎందుకయ్యా? ఆవిడ బతుకంతా ఉంది అందులో!"

"మీరే చెప్పిన్రు గద సార్. రాత సాక్ష్యం లేని మాట కథ అయితది గానీ చరిత్ర కాదని. మూడో పేపర్ల గదే ప్రశ్న. గట్లనే రాస్తే ఇరవైకి పద్దెనిమిది ఏసిన్రు."

సొరుగులోంచి నా నోట్సు తీశాడు. అట్ట వేసి దాచుకున్నాడు. తిరస్కరణ పత్రంలో ఆ వాక్యాన్ని కామా పోకుండా ఎత్తి రాసి, 'ఆధారం: బసవపున్నయ్య గారి నోట్సు, పద్నాలుగో పేజీ' అని గౌరవంగా చేర్చాడు. సోమవారం నుంచి కందకం పని మొదలవుతుందని దాని కింద రాశాడు.

తల కొట్టేసినట్టయింది. "ఆ నోట్సు తప్పు, నాయనా. నేను తప్పు చెప్పాను."

"గది యూనివర్సిటీ నుంచి రాతల రావాలె సార్" అన్నాడు వినయంగా.

అక్కడే కూర్చుని పాఠ్యాంశ సవరణ సంఘానికి దరఖాస్తు రాశాను. సంఘం మూడేళ్లకోసారి కూడుతుంది. (కిందటి నెలే కూడింది.)

బయటికొచ్చాక జంపక్క కాగితాలు మడిచి కొంగున కట్టుకుంది.

"గా పిలగాడు నీ తాననే చదివిండా సారూ?"

"అవునవ్వా."

"మంచిగ చెప్పినవ్ చదువు. ఒక్క ముక్క మరవలే."

వెటకారమేమోనని ఆమె ముఖంలో వెతికాను. ఉంటే బాగుండేది.

పట్టభద్రుడి విజయం మీద ప్రజలే ఇచ్చిన అభిప్రాయం కనుక, ఆమె మాటను రెండు గడుల్లోనూ రాసి పంపాను. ఆ ఏడు విశ్వవిద్యాలయంలో ఉత్తమ శాఖ మాదే.