నెవిదోవ్ గ్రామ చరిత్ర, రెండో ముద్రణ

నెవిదోవ్ గ్రామానికి ఏడువందల ఏళ్లు నిండుతున్నందున, ఆ సందర్భానికి సరిపడా చరిత్రను జూన్ నెలలోగా సిద్ధం చేయవలసిందిగా గ్రామ మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఊరి జనాభా నూట నలభై మూడు. చరిత్ర ఇరవై నాలుగు పేజీలకు మించరాదు. భూగోళం కూడా అందులోనే సర్దుకోవాలి.

ఈ పని ఒతకార్ హ్రుబెష్ మాస్టారికి అప్పగించారు. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. పక్క పట్నంలో పిల్లలకు భూగోళం చెప్పి రిటైరయ్యాడు. ఊరి కైఫీయతు రాసేదీ ఆయనే. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, వాగు ఎప్పుడు పొంగింది, అన్నీ ఆయన దస్తూరీలోనే ఉంటాయి. మాస్టారు మూడు నెలలపాటు రొట్టె పొట్లం కట్టుకుని బస్సెక్కి వెళ్లి, పాత దస్తావేజుల మధ్య కూర్చున్నాడు.

చిక్కు మొదటి వాక్యంలోనే వచ్చింది. నెవిదోవ్ పేరు లోకంలో మొట్టమొదట కనిపించేది 1325లో ఒక మఠాధిపతి రాసుకున్న ఫిర్యాదులో. ఈ ఊరి జనం పొలిమేర రాయిని ముప్పై అడుగులు మఠం పచ్చికలోకి జరిపారట. నిలదీస్తే, రాయే నడిచి వెళ్లిందన్నారట.

మండలి సభ్యులు ఏడుగురు. కార్యాలయంలో కుర్చీలు నాలుగే కాబట్టి సమావేశాలు వ్లస్తా బీరు దుకాణంలో జరుగుతాయి. వ్లస్తా కూడా సభ్యురాలే. మేయరు రదీమ్ కుఖ్తా వృత్తిరీత్యా కుళాయిల మేస్త్రీ. మంచివాడు. ఎక్కడ ఏది కారుతున్నా ఆపకుండా ఉండలేడు.

"మాస్టారూ, ఊరూరి నుంచి అతిథులొస్తున్నారు. మేం పుట్టు దొంగలమని బ్యాండు పెట్టి మరీ చెప్పుకుంటామా?" అన్నాడు.

"చెప్పింది నేను కాదయ్యా, మఠాధిపతి."

"ఆయనకేమన్నా ఈ ఊళ్లో ఓటుందా?"

లేదని తేలింది. "భూమి కొలతలపట్ల నెవిదోవ్ ప్రజల ఆసక్తి పద్నాలుగో శతాబ్దం నాటికే సుప్రసిద్ధం" అని వాక్యాన్ని సవరించారు.

ఆ తర్వాత పని చురుగ్గా సాగింది. పదిహేడో శతాబ్దంలో, ముప్పై ఏళ్ల యుద్ధంలో, స్వీడన్ సేన ఈ ఊరి పక్కనుంచే వెళ్లింది కానీ ఆగలేదు. తగలబెట్టడానికి కూడా పనికిరామా అని ఊరు నాలుగు శతాబ్దాలుగా బాధపడుతోంది. మండలి జాలిపడి, అయిదు ఓట్లు అనుకూలంగా, రెండు వ్యతిరేకంగా ఊరిని తగలబెట్టింది. హోలుబ్ గుట్ట ఎత్తు 498 మీటర్లని మాస్టారు రాస్తే, దాన్ని అయిదువందలు చేశారు. తక్కువపడిన రెండు మీటర్ల మట్టిని ఉత్సవంలోగా అగ్నిమాపక దళం ట్రాక్టరులో పైకి చేర్చాలని ఆదేశించారు. ఐరోపా ఖండానికి నట్టనడుమ ఉన్నది నెవిదోవే అన్న మాటను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది ముందునుంచీ అబద్ధమే కాబట్టి సవరించే అవసరం రాలేదు.

అప్పుడు మాస్టారు 1953 నాటి, అంటే కమ్యూనిస్టుల ఏలుబడి నాటి, పేజీ తీశాడు. వాగు ఒడ్డున వోంద్రా అనే ఆసామికి నీటిమర ఉండేది. అతడు ప్రజాశత్రువని, కుటుంబంతో సహా వెళ్లగొట్టాలని ఊరు అర్జీ పెట్టుకుంది. ఒక్క రోజులో, ఒక్క బండి మీద, వాళ్లు వెళ్లిపోయారు. సామాను ఊళ్లోనే ఉండిపోయింది. అర్జీ మీద అరవై సంతకాలు.

వ్లస్తా బీరు పొయ్యడం ఆపేసింది.

"ఆ పేర్లన్నీ వేసేస్తారా ఏంటి? మా అమ్మమ్మ పేరు కూడా ఉందా?"

"పదిహేడోది."

"ఆవిడకి చేతులు వణికేవి మాస్టారూ! సంతకమెలా పెడుతుంది?"

"చాలా అందంగా పెట్టిందమ్మా."

మేయరు గొంతు సవరించుకున్నాడు. "పోయినవాళ్లు లేచొచ్చి జవాబు చెప్పుకోలేరు కదా. వాళ్ల వెనక మాట్లాడడం మర్యాదేనా?"

పొగబెట్టిన మాంసం దుకాణంవారి ప్రకటనకు చోటు చాలనందున 1953వ సంవత్సరాన్ని తొలగించడమైనది. పటంలోంచి మర కూడా పోయింది. దాంతో కాల్నిత్సె వాగు ఒకచోట ఏ కారణమూ లేకుండా పక్కకు తిరిగి, చెరువు కట్టి, మళ్లీ దారిలోకి వస్తోంది. జీవితమంతా భూగోళం చెప్పిన మనిషికి ఇది మరీ కష్టంగా తోచింది. ఆయన లేచి, చరిత్రంటే ఇష్టమైనవి ఏరుకునే ఆపిల్ పళ్ల బుట్ట కాదని గట్టిగా చెప్పాడు. అందరూ గౌరవంగా విని, ఏడు ఓట్లతో తీర్మానం ఆమోదించారు. ఊళ్లో నిజాయితీపరుణ్ణి నేనొక్కణ్నే అనుకుంటూ మాస్టారు ఇంటికెళ్లాడు. బాధ పడ్డాడు కానీ, అందులో కొంత హాయి కూడా ఉంది.

ఉత్సవం రోజు బ్యాండు మోగింది. వేరే ఊళ్లలో స్థిరపడ్డ నెవిదోవ్ బిడ్డలంతా బస్సులో దిగారు. వారిలో మర వోంద్రా కూతురు ద్రహోమీరా ఉంది. ఎనభై ఏళ్ల మనిషి. పుస్తకం పట్టుకుని మాస్టారి పక్కన బల్ల మీద కూర్చుంది.

"మా మర ఏదండీ ఇందులో?"

మాస్టారు అంతా చెప్పేశాడు. "నేను రాశానమ్మా. అరవై సంతకాలూ రాశాను. వీళ్లే కొట్టేశారు."

"అరవయ్యా?" ఆమె కళ్లజోడు తీసింది. "అరవై ఒకటి. మమ్మల్ని వాకిట్లో నిలబెట్టి చదివి వినిపించారు. నాకు ఎనిమిదేళ్లు, అంకెలు బాగా వచ్చు, లెక్కపెట్టుకున్నా. చదివింది మీ నాన్నే. ఆఖర్న తన పేరూ చదువుకున్నాడు. గొంతు ఖంగుమనేది."

మాస్టారికి దస్తావేజుల గది గుర్తొచ్చింది. అర్జీకి నకలు రాసుకుంటున్న ఆ మధ్యాహ్నం, అట్టడుగు పేరు దగ్గర ఆయన కలం ఆగింది. సిరా అయిపోలేదు, బస్సు వేళ కాలేదు. సమావేశం లేదు, మేయరు లేడు, ఎవరూ ఒత్తిడి చేయలేదు. ఆయన ఒక్కడే, ఏకగ్రీవంగా, ఆ పేరు వదిలేశాడు.

లేచి తిన్నగా వేదికెక్కి, మేయరు చేతిలోని మైకు తీసుకున్నాడు.

"వోంద్రా కుటుంబాన్ని వెళ్లగొట్టిన కాగితం మీద మా నాన్న సంతకం ఉంది. నేను దాచాను. ఆ కాగితం మీద ఇంకా..."

తర్వాతి మాట ఎవరికీ వినబడలేదు. చప్పట్లు మిన్నంటాయి. మేయరు ఆయన్ను కౌగలించుకున్నాడు. బ్యాండు అందుకుంది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. డెబ్భై రెండేళ్లుగా ఊరి గుండె మీదున్న బరువు దిగిపోయింది. వ్లస్తా స్వయంగా బీరు తెచ్చి చేతిలో పెట్టింది.

"మీ నాన్న చేసినదానికి మిమ్మల్నేం అనంలెండి మాస్టారూ. మేం అలాంటివాళ్లం కాదు."

మండలి అత్యవసరంగా సమావేశమై రెండో ముద్రణకు అనుమతించింది. అందులో 1953 పేజీ ఉంది, పటంలో మర ఉంది, అర్జీ కింద సంతకం కూడా ఉంది. ఒకటే సంతకం. మాస్టారు అభ్యంతరం తెలిపితే, ఆయన వినయానికి మండలి అభినందనలు తెలిపింది.

మొదటి ప్రతిని మేయరు తన కారులో, మాస్టార్ని పక్కన కూర్చోబెట్టుకుని, పట్నంలో ద్రహోమీరా ఇంటికి తీసుకెళ్లాడు. ఆమె ఆ పేజీని రెండుసార్లు చదివింది.

"మీ నాన్న బక్కపలచగా ఉండేవాడని గుర్తు మాస్టారూ. పొరబడ్డానేమో. నాలుగు ఆవులు, రెండు తిరగలి రాళ్లు, మా అమ్మ పియానో, అన్నీ ఒక్క పూటలో ఒక్కడే మోసుకుపోయాడంటే ఎంత బలశాలో!"

మాస్టారు తల దించుకున్నాడు. మేయరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఆ మాట శ్రద్ధగా రాసుకున్నాడు. 'గ్రామ ప్రముఖులు' అనే అధ్యాయానికి ఇంతవరకు ఎవరూ దొరకలేదు.