కిందివీధి ఫినిషింగ్ లైన్

"కరువును కార్లతో తరిమేస్తాం!"

వెంకటేశప్ప మైకులో ఈ మాట అనగానే వల్లూరు జనం తలెత్తి ఆకాశం వైపు చూశారు. ఆకాశం స్పందించలేదు.

వెంకటేశప్ప సామాన్యుడు కాడు. పార్టీ తాలూకా యువజన అధ్యక్షుడు. వారం కిందట పుట్టిన కరువుసీమ మోటార్ రేసింగ్ క్లబ్బుకూ ఆయనే అధ్యక్షుడు. క్లబ్బుకు ఇద్దరు ఉపాధ్యక్షులు, ఒక కోశాధికారి, అధ్యక్షుడి మెడలో ఎర్రదారంతో వేలాడే ఒక స్టాప్‌వాచ్ ఉన్నాయి. కార్లు మాత్రం లేవు. అవి బెంగళూరు నుంచి వస్తాయట. సెలవురోజుల్లో సరదాగా రేసులాడే డాక్టర్లు నడుపుతారట. కప్పులివ్వడానికి సాక్షాత్తూ మంత్రిగారే వస్తారట. ఇక కావలసింది వాలంటీర్లు.

శనక్కాయ పంట రెండేళ్లుగా పోతోంది కాబట్టి ఊళ్లో తీరికకు లోటు లేదు. అందరికన్నా ముందు కిందివీధి మారక్క లేచింది.

"దుమ్ము లేస్తాది కదప్పా. నీళ్లు చల్లరా?"

"చల్లకుండానా! మన ట్యాంకరే కార్లకు ముందు పోతాది మారక్కా."

"యాడిదాంకా?"

"ఫినిషింగ్ లైన్ దాంకా."

ట్యాంకరు ఎప్పుడొచ్చినా పైవీధి దాటేలోపే ఖాళీ అయ్యేది. కిందివీధి దాని మొహం చూసి నెల దాటింది; పైవీధి వాళ్లు దయతలిచి పోసే బిందెడుతోనే గడుస్తోంది.

"అట్లయితే ఆ లైనేదో మా వీధిలో గీయప్పా. మా ఆడోళ్లంతా వాలంటీర్లే."

వెంకటేశప్ప కళ్లు చెమర్చాయి. మహిళాశక్తి అంటే ఇదేనని మైకులో చెప్పి, అప్పటికప్పుడు మారక్క గడప ముందు సున్నంతో లైను గీయించాడు.

రేసు రోజు ఆడవాళ్లంతా పచ్చటోపీలు పెట్టుకుని, చంకన బిందెలతో లైను దగ్గర నిలబడ్డారు.

"బిందెలెందుకక్కా?" అన్నాడు వెంకటేశప్ప.

"ఇంజన్లు కాగితే నీళ్లు పోయొద్దా? వాలంటీరంటే ముందుచూపుండల్ల కదప్పా" అంది మారక్క.

అధ్యక్షుడు ఆమెకు నమస్కారం పెట్టి, జీపెక్కి రేసు మొదలయ్యే చోటికి వెళ్లాడు. అక్కడి సంగతులన్నీ పోలీసుల వైర్‌లెస్‌లో విని కోశాధికారి నరసప్ప ఇక్కడ మైకులో చెప్పసాగాడు.

"మూడు కార్లు రావల్ల, రెండే వచ్చినాయి! 'మూడు కప్పులు తెచ్చినాను, మూడోది ఎవరికియ్యల్ల' అని మంత్రిగారు అడుగుతాండారు!... అధ్యక్షులవారు మూడో బండిని పట్టినారు! అది యేదో సస్పెన్స్!"

"ట్యాంకరు బయల్దేరిందా నరసప్పా?"

"బయల్దేరినాది మారక్కా, అన్నిటికన్నా ముందు! ఒకటో నంబరు కారు ఎండిన వంక ఇసుకలో దిగబడినాది! రెండో నంబరు గొర్రెలమందలో నిలబడినాది! గొర్రెలు సహకరించడం లేదు!"

అంతలో మలుపులో దుమ్ము లేచింది.

"నీళ్లు చల్లుకుంటా వస్తే దుమ్మేంది?" అంది రంగక్క.

దుమ్ములోంచి ట్యాంకరు దూసుకొచ్చింది. దాని జన్మలో అంత వేగంగా ఎప్పుడూ రాలేదు. మూతి మీద తెల్లరంగుతో 3 అని రాసి ఉంది. సున్నం గీత దాటి నిలబడగానే మారక్క కుళాయి తిప్పింది.

గాలి వచ్చింది.

డ్రైవరు కొల్లప్ప చెమట తుడుచుకుంటూ దిగాడు. "నిండుబండి రేసులో యాడ పరిగెత్తుతాదక్కా? అధ్యక్షుడే రేసు మొదలయ్యే కాడే నీళ్లన్నీ నేలన వదిలేసినాడు. మంత్రిగారి పంచెకు దుమ్మంటలేదు, బండీ తేలికైంది. ఏం తెలివనుకున్నావు!"

మారక్క ఖాళీ బిందెను ట్యాంకరుకేసి కొట్టింది. అందరూ కొట్టారు. ట్యాంకరు వెనకే వచ్చి అప్పుడే కారు దిగిన మంత్రిగారు అది స్వాగతవాద్యం అనుకుని చేయి ఊపారు. ఫోటోగ్రాఫర్లు ట్యాంకరునీ బిందెల్నీ కలిపి ఫోటోలు తీశారు.

"ఇంత వేగంగా నీళ్లందే వీధి రాష్ట్రంలో ఇంకోటుందా?" అని మంత్రిగారు గద్గదస్వరంతో అడిగారు. "వీళ్లకింక ట్యాంకరెందుకు? నిజంగా కష్టంలో ఉన్న ఊరికి పంపండి!"

చప్పట్లు మోగాయి. మొదటి కప్పు కొల్లప్పకు దక్కింది. ఉత్తమ వాలంటీరుగా మారక్కకు కొత్త ప్లాస్టిక్ బిందె ఇచ్చారు.

మర్నాటి నుంచి కిందివీధి ఆడవాళ్లు నీళ్లకోసం పక్కూరు రాయచెర్లులోని బోరుకు వెళ్లసాగారు. ఒక పొద్దున దారిలో వెంకటేశప్ప ఎదురయ్యాడు.

"ఏందక్కా, అందరూ ఇంత బిరబిరా పోతాండారు?"

"కరెంటు పోయేలోపల చేరల్లప్పా" అంది మారక్క, ఆగకుండా.

వెంకటేశప్ప వాళ్ల నడకను చాలాసేపు మెచ్చుకోలుగా చూశాడు.

"వచ్చే ఏడు రేసుకు కార్లు కుదిరేట్టు లేవక్కా" అని వెనకనుంచి కేకేసి, స్టాప్‌వాచ్ నొక్కాడు.