విచారణ మొదలుపెట్టు

దేశ భవిష్యత్తు తరగతి గదుల్లో తయారవుతుందన్న పాత అభిప్రాయాన్ని మా విద్యాశాఖ ఈ మధ్య సవరించింది. ఇకపై అది ట్యాబుల్లో తయారవుతుంది. పిల్లలు బట్టీ మానేసి, ప్రశ్న వేసి, జవాబు తామే వెతుక్కోవాలని ఆదేశం వచ్చింది (ఎందుకని అడగరాదు). ఇంగ్లీషులో "ఎంక్వయిరీ" అని వచ్చిన ఈ పద్ధతికి పై ఆఫీసు అనువాదకుల సంఘం తర్జనభర్జనలు పడి "విచారణాత్మక విద్య" అని పేరు పెట్టింది. ఆ మాట చదవగానే మా హెడ్మాస్టారికి చెమటలు పట్టాయి. ఆయన సర్వీసులో చూసిన విచారణలన్నీ సస్పెన్షన్‌తోనే ముగిశాయి మరి.

మాది పల్లెటూరి బడి. సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లెక్కాలి. నేను లెక్కలు చెబుతాను. ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. నోరు తెరిస్తే "ఎందుకు" అంటుంది కాబట్టి బడంతా ఎందుకమ్మ అనే పిలుస్తుంది. ఒకరోజు సైన్సు క్లాసులో లేచి నిలబడింది.

"టీచర్, మన బోరు నీళ్ళు పసుపుగా ఎందుకొస్తున్నాయి? తాగితే మా తమ్ముడు కడుపులో నొప్పంటున్నాడు."

సైన్సు టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. "ఎన్నాళ్ళకు మంచి ప్రశ్న విన్నానే తల్లీ. పద, మనమే కనుక్కుందాం."

ఇద్దరూ ట్యాంకు మెట్లెక్కి ట్యాబులో విద్యాశాఖ యాప్ తెరిచి "విచారణ మొదలుపెట్టు" అన్న మీట నొక్కారు. విషయమేమిటని అడిగితే, బోరు నీళ్ళ పసుపు రంగు అని రాశారు. సాక్ష్యం అడిగితే, సీసాలో నీళ్ళు పట్టి ఫోటో పెట్టారు. "బాధ్యులు ఎవరు?" అని యాప్ అడిగింది. పిల్లకు దారి చూపించే బాధ్యత తనదే కదా అని టీచరమ్మ ముచ్చటపడి తన పేరు రాసుకుంది.

పై ఆఫీసులో విచారణ అన్న మాటకు ఒకటే విభాగం ఉంది. చాలా చురుకైన విభాగం (బోరు బాగుచేసే విభాగం ఎక్కడుందో ఇంకా తెలియలేదు). వారం తిరక్కుండా విచారణాధికారి జీపు దిగాడు. ఎండన పడి వచ్చాడని హెడ్మాస్టారు గ్లాసుతో బోరు నీళ్ళిచ్చారు. ఆయన గ్లాసు పైకెత్తి చూసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, సంచిలోంచి తన సీసా తీసుకుని తాగాడు.

"నీళ్ళు పాడుచేసింది మీరేనా?"

"నేను కాదండీ. ఎందుకు పాడయ్యాయో పిల్లలతో కనుక్కోమన్నారు కదా అని..."

"బాధ్యులు మీరేనని మీ చేత్తో మీరే రాశారు. ఇంకేముందమ్మా."

విచారణ తేలేదాకా టీచరమ్మను బడికి రావద్దన్నారు. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది (మంట బయటికి కనిపించకుండా హాజరు వేశాను).

ఎందుకమ్మ జీపుకు అడ్డంగా నిలబడింది. "సార్, మా టీచర్ మళ్ళీ ఎప్పుడొస్తారు? మరి నీళ్ళ సంగతి?"

అధికారి చెడ్డవాడేం కాదు. పిల్ల తల నిమిరి, "నువ్వు అడిగినందుకే కదమ్మా ఇదంతా" అన్నాడు.

ఆ తర్వాత ఆరో తరగతిలో ఎవరూ నోరు విప్పలేదు. ఎందుకమ్మ ఇంటి నుంచి రెండు సీసాల నీళ్ళు తెచ్చి, ఒకటి తమ్ముడికిచ్చి, మాట్లాడకుండా కూర్చుంటోంది. యాప్‌లో మా బడి ప్రశ్నలు ఆగిపోయాయి. పై ఆఫీసు అది కూడా గమనించింది.

నెలాఖరుకు మాకు వెండి రంగు షీల్డు వచ్చింది. "సందేహాలన్నీ తీరిన బడి" అని దాని మీద చెక్కారు. దుమ్ము పట్టినప్పుడల్లా బోరు నీళ్ళతో కడుగుతున్నాం. మెల్లగా బంగారు రంగుకు తిరుగుతోంది.