దెయ్యం 'ఏమండీ' అనాలా, పేరు పెట్టి పిలవాలా?

దెయ్యం సినిమాకి రెండో భాగం తీసినవాణ్ణి తిట్టేవాళ్ళంటే నాకు జాలి. అదే సినిమాని మళ్ళీ రంగుల్లో తీసినవాణ్ణి తిట్టేవాళ్ళంటే ఇంకా జాలి. వాళ్ళకి దేశసేవ అంటే ఏమిటో తెలియదు.

నన్నడిగితే ఒక్కో దెయ్యం మీద కనీసం నాలుగు సినిమాలైనా తీయాలి. ఒక్క సినిమాతో ఊరుకున్న దెయ్యం మనిషిని జన్మంతా భయపెడుతుంది. రెండో సినిమాకి దానితో చనువు ఏర్పడుతుంది. మూడో సినిమాకి వీధిలో కనపడితే ఆగి కుశలమడగాలనిపిస్తుంది. భయమెరగని జాతి తయారవ్వాలని పెద్దలు ఉపన్యాసాలిస్తున్నారు కదా, ఆ పని మద్రాసు నిర్మాతలు చడీచప్పుడు లేకుండా చేసేస్తుంటే మెచ్చుకోవద్దూ?

ఈ మాటలు దారినపోయే దానయ్య అంటున్నవి కావు. తెనాలిలో దెయ్యం సినిమాల గురించి ఎవరికే సందేహం వచ్చినా తాలూకా ఆఫీసుకి వచ్చి పాండురంగారావు గారెక్కడ అని అడుగుతారు. ఆ పాండురంగారావుని నేనే. నా బల్ల మీద ఫైళ్ళు ఆగితే ఆగుతాయి గాని, ఇలాంటి సందేహాన్ని మాత్రం అప్పటికప్పుడు తీర్చి పంపుతాను.

నా పాండిత్యానికంతటికీ మూలం అరవై మూడులో వచ్చిన 'దిగుడుబావి కోడలు'. చూడనివాళ్ళ కోసం కథ చెబుతాను. మునిమాపువేళ నీళ్ళకెళ్ళిన కోడలు మెట్ల మీద జారి బావిలో పడుతుంది. "ఏమండీ, ఏమండీ" అని మొగుణ్ణి పిలుస్తుంది. అరుగు మీద పేకాడుతున్న మొగుడు "ఆఁ, వస్తున్నా" అంటాడు గాని ముక్క వదలడు. ఆమె పోతుంది. పోయి, దెయ్యమై, ఆ ఇంట్లో "ఏమండీ" అనుకుంటూ తిరుగుతుంది.

పరాయిదేశపు దెయ్యాల సంగతి నాకు తెలియదు. మన దెయ్యం మొగుణ్ణి పేరు పెట్టి పిలవలేదు కదా! పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని బతికున్నన్నాళ్ళూ పలకని పేరు, చచ్చాక మాత్రం నోటికెలా వస్తుంది? తెర మీద దీపం ఆరిపోయింది. హాలంతా చిమ్మచీకటి. ఎక్కడి నుంచో సన్నగా "ఏమండీ" అని వినపడింది.

పెళ్ళైన ప్రతి మగవాడూ వెనక్కి తిరిగి ఆడవాళ్ళ బెంచీల వైపు చూశాడు. కొందరు పైకే "ఆఁ" అన్నారు. మా హెడ్ గుమాస్తా వెంకటకృష్ణయ్య గారు లేచి నిలబడి చెప్పులు వెతుక్కున్నారు. నేను మాత్రం చలించలేదు. కింద పడ్డ వేరుశనక్కాయలు ఏరుకుంటూ, ఆ సీను అయ్యేదాకా బెంచీ కిందే ఉన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఊళ్ళో మగవాళ్ళ అవస్థ చూడలేకపోయాం. ఇంట్లో "ఏమండీ" అనడం ఆలస్యం, ఎక్కడున్నవాడు అక్కడి నుంచి పరిగెత్తుకొచ్చేవాడు. ముద్ద నోట్లో ఉండగా లేచినవాళ్ళున్నారు. సబ్బు మొహంతో వీధిలోకొచ్చినవాళ్ళున్నారు. నూతులన్నిటికీ గట్టి పిట్టగోడలు వెలిశాయి. మా ఆవిడ శేషారత్నం అయితే "చాలా మంచి దెయ్యమండీ" అంది.

ఇలా ఎంతకాలం బతుకుతాం? ఆ గండం నుంచి మమ్మల్ని గట్టెక్కించింది రెండో భాగమే.

'మళ్ళీ దిగుడుబావి కోడలు' మా ఊరికంటే ముందు రేపల్లెకి వచ్చింది. ఆగలేక నేనూ శేషారత్నం రైలెక్కాం. వేమూరులో మాకు ఎరుకైన రైతు బసవేశ్వరరావు ఎక్కాడు. రేపల్లె స్టేషన్లో జార్జి మాస్టారు కాచుకుని ఉన్నారు. ఆయన లూథరన్ బళ్ళో లెక్కలు చెబుతారు. దెయ్యాల విషయంలో నాకు సరిజోడు, అంటే నేను ఏది చెప్పినా ఒప్పుకోరు.

ఈసారి దెయ్యం ఊపిరి సలపకుండా "ఏమండీ" అంది. బావిలోంచి అంది, బీరువాలోంచి అంది, ఉట్టి మీద నుంచి అంది, చివరికి కారు డిక్కీలోంచి కూడా అంది. ఇంటర్వెల్ అయ్యేసరికి హాల్లో ఒక్క మగవాడు కూడా తల తిప్పడం లేదు. తెర మీద దెయ్యం పిలుస్తోంది, ఆడవాళ్ళ బెంచీల్లోంచి ఎవరి భార్యో పిలుస్తోంది, మేం నిమ్మళంగా గోలీసోడా తాగుతున్నాం. ఇంతటి ధైర్యం ఏ వ్యాయామశాల నేర్పుతుంది?

తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని చర్చకి దిగాం.

"చచ్చి లేవడమన్నది ఒక్కసారి జరిగితేనే గొప్పండి" అన్నారు జార్జి మాస్టారు. "ఏటా లేస్తూ కూర్చుంటే దానికి పండగ ఎవరు చేస్తారు?"

"అదేంటి మాస్టారూ" అన్నాడు బసవేశ్వరరావు. "వరి కొయ్యకముందే చేలో మినుములు చల్లేస్తాం. మొదటి పంట బాగుందని రెండో పంట మానుకుంటామా? ఆ సినిమావాడు చేసిందీ అదే. మొదటి దాని చివర్లో బావిలో బుడగలు చూపించాడా లేదా? అవే మినుములండి."

నేను తీర్పు చెప్పబోతుండగా శేషారత్నం దగ్గరకొచ్చింది. "ఏమండీ, నాకు బొమ్మంతా మసగ్గా కనపడిందండి. దెయ్యమేదో, దండెం మీద చీరేదో తెలియలేదు" అంది.

నాకు ఒళ్ళు పులకరించింది. ఇంత పెద్ద లోపం నాకెలా తట్టలేదు? "విన్నారా మాస్టారూ? రెండో భాగంలో ఫొటోగ్రఫీ నాసిరకం. ఆడవాళ్ళు కూడా పసిగట్టారు" అన్నాను.

"నాకు శుభ్రంగానే కనపడిందండి" అన్నారాయన.

"అది మీ కళ్ళజోడు మహిమ" అన్నాను.

ఆ ఒక్క విమర్శతో నా పేరు చెరుకుపల్లి దాకా పాకింది. "మసక ఫొటోగ్రఫీ అని ముందు కనిపెట్టింది తెనాలి పాండురంగారావు గారే" అని ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా చెప్పుకున్నారు. మా ఊరికి ఆ సినిమా వచ్చేసరికి జనం కళ్ళు చిట్లించుకునే హాల్లోకి వెళ్ళారు. విమర్శకుడి ప్రభావమంటే అది.

శేషారత్నం ఆ తర్వాత కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. బస్సు బోర్డు చదవలేకపోయాననేది. ఎదురుగా వచ్చిన పక్కింటి సుగుణమ్మ గారిని ఆనవాలు పట్టలేకపోయాననీ, ఆవిడ పొగరనుకుందనీ బాధపడేది. గడప కనపడక కాలివేలు కొట్టుకున్నానని ఓ రోజు ఏడ్చింది కూడా. ప్రతిదీ "ఏమండీ" అనే మొదలయ్యేది. నేను రెండో భాగం చూసి ధైర్యం నేర్చినవాణ్ణి. "ఆఁ, చూద్దాంలే" అనేవాణ్ణి గాని తల తిప్పేవాణ్ణి కాదు.

ఇక ఈ ఏడు అసలు సిసలు విశేషం జరిగింది. 'దిగుడుబావి కోడలు' ఈస్ట్‌మన్ కలర్‌లో మళ్ళీ తయారై బాపట్లలో విడుదలైంది. శేషారత్నాన్ని తీసుకుని మ్యాట్నీకి వెళ్ళాను. "నేనెందుకండీ, నాకేం కనపడదు" అంటే, "ఇది రంగుల్లో తీశారు, బ్రహ్మాండంగా కనపడుతుంది" అని ధైర్యం చెప్పాను.

ఏం చెప్పమంటారు! దిగుడుబావి పోయి ఈతకొలను వచ్చింది. కోడలు బిందె బదులు టవలు పట్టుకుని పడిపోయింది. అదీ సహించాను. నీలంరంగు నీళ్ళలోంచి తల పైకెత్తి, జుట్టు విదిల్చి, ఆ దెయ్యం ఏమందో తెలుసా? "ప్రభాకర్... ప్రభాకర్..." అంది!

వ్యవసాయ కాలేజీ కుర్రాళ్ళు ఈలలేశారు. నాకు గుండె మండిపోయింది. కట్టుకున్నవాణ్ణి పేరు పెట్టి పిలిచే దెయ్యాన్ని చూసి ఎవరు భయపడతారు? మా శేషారత్నాన్నే తీసుకోండి. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి భర్త పేరడిగితే, గుమ్మం వెనక నుంచుని సుగుణమ్మ గారి చేత చెప్పించింది. దెయ్యానికి ఆపాటి సంప్రదాయం అక్కర్లేదా?

ఆట వదిలాక హాలు బయట ఇదే విషయం మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. చుట్టూ నలుగురూ చేరారు. చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చిన జార్జి మాస్టారు, నేను కాదన్నాను గనక, కొత్త దెయ్యమే గొప్పదన్నారు. గుంపులో మగవాళ్ళందరం ఒకే రకం తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు.

ఆడవాళ్ళ గేటు వైపు నుంచి "ఏమండీ" అని వినపడింది. ఎవరూ తిరగలేదు. మళ్ళీ "ఏమండీ" అని వినపడింది. రెండో భాగం చూసినవాళ్ళం కదా, ఎవరూ తిరగలేదు. ఒకావిడ గుంపులోకి వచ్చి, ఓ పెద్దమనిషి మోచేతి దగ్గర నిలబడి "పదండి, రైలు వేళైంది" అంది. ఆయన కంగారుపడి "అమ్మా, నేను కాదండి" అంటూ పక్కకి తప్పుకున్నాడు. జనం నవ్వారు. తల తిప్పకుండానే నేను కూడా నవ్వాను.

అప్పుడు ఆ గొంతు గట్టిగా "పాండురంగారావు గారూ" అని పిలిచింది.

జార్జి మాస్టారు మాట మధ్యలో ఆపేశారు. అన్నేళ్ళ కాపురంలో ఆ పేరు ఆ నోట వినడం అదే మొదటిసారి. తిరిగి చూస్తే శేషారత్నం నాకు రెండడుగుల దూరంలో ఉంది. నన్ను చూడటం లేదు. నా పక్కనున్న మాస్టారి వైపు చూస్తూ, "మీరెక్కడున్నారో తెలియడం లేదండీ" అంటోంది. ఆ కళ్ళలో నీళ్ళున్నాయి. నాకు భయమేసింది. ఏ హాల్లోనూ, ఏ భాగంలోనూ వెయ్యనంత భయమేసింది.

కాబట్టి అయ్యా, పాత సినిమాలనే పట్టుకు వేలాడేవాళ్ళకి నేను చెప్పేదొకటే. ఆ రంగుల సినిమా తీసినవాడు మహానుభావుడు. దెయ్యం నోట ఎప్పుడు ఏది పలికించాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నా ఉపన్యాసాన్ని బహిరంగంగా వెనక్కి తీసుకుంటున్నాను.

మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పరీక్ష చేసి, "దూరపు చూపు బొత్తిగా లేదమ్మా. ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నారు?" అన్నాడాయన.

"మావారు ఫొటోగ్రఫీ బాగాలేదన్నారండి" అంది శేషారత్నం.

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీద అక్షరాల చార్టు చదువుకుంటున్నాను.

కళ్ళజోడు తయారై వచ్చిన రోజు నేనే స్వయంగా దాన్ని ఆమె చెవులకి తగిలించాను. ఆమె ముందు కిటికీలోంచి వీధిలోకి చూసింది. ఎదురింటి పెంకుల మీద పిచ్చికని చూసి నవ్వింది. తర్వాత ఇటు తిరిగింది. నేను చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాను. పై నుంచి కిందికి, బట్టతల దగ్గర కాసేపు, పొట్ట దగ్గర ఇంకాసేపు, తొందరేమీ లేకుండా నన్ను పూర్తిగా చూసింది.

"మొదటి భాగమే బాగుందండీ" అంది.