మధుకర్ మెడ ఒప్పుకుంది

మధుకర్ మెడ పట్టేసిన పాపం ఆ టీమ్‌లో ప్రతి ఒక్కరిదీ. ముప్పై నిండని పిల్లలు, జిమ్ముకు పోయి కండలు పెంచినవాళ్లు, పొద్దస్తమానం వాట్సాప్ గ్రూపులో కంపెనీని తిట్టిపోసేవాళ్లు. ఇకమీద శనివారాలు కూడా ఆఫీసుకు రమ్మని మేనేజర్ అడగబోతోందని తెలియగానే, నలభై ఎనిమిదేళ్ల మనిషిని పట్టుకొని ముందుకు తోశారు. "మీరు సీనియర్ కద సార్. మీరు కుదరదంటే మేడమ్ వింటది" అన్నాడు నితీష్. సిగ్గుండాలి.

మధుకర్ బతుకులో ఎవరికీ కుదరదని చెప్పినవాడు కాదు. రాయదుర్గంలో ఉద్యోగం ఇన్నేళ్లు నిలబడింది ఆ గుణంతోనే. కానీ మాట ఇచ్చేశాడు. అందుకని ఆ రోజు మూసాపేట ఫ్లాట్‌లో పెందలాడే లేచి ఒక పథకం వేసుకున్నాడు. ఇంజనీరింగ్ హాస్టల్లో క్యాసెట్ అరిగేదాకా విన్న రాక్ ఆల్బమ్‌ను ఆఫీసుకు పోయే ముందు ఒకసారి మొత్తం వినాలి. అందులో ఏ పాట విన్నా ఒకటే సంగతి: మీరు చెప్పినట్టు మేం వినం. ఆ ధైర్యం మీటింగు దాకా ఆగితే చాలు.

ఆల్బమ్ ఫోన్‌లో దొరికింది. అట్ట మీద జుట్టు పెంచిన నలుగురు కుర్రాళ్లు అప్పట్లో అతనికి అన్నల్లా కనిపించేవాళ్లు. ఇప్పుడు చూస్తే కొత్తగా చేరిన ఇంటర్న్‌ల్లా ఉన్నారు. పాపం, తిన్నారో లేదో అనిపించింది. మొదటి పాటకు కాలు ఆడించాడు. రెండో పాటకు గొంతు చించుకొని అరిచాడు. పక్క ఫ్లాట్ వాళ్లు ఇంకా నిద్ర లేవలేదేమోనని మధ్యలో గుర్తొచ్చి తిరుగుబాటు సౌండు కొంచెం తగ్గించాడు. మూడో పాటలో గిటార్ ఊపందుకోగానే, హాస్టల్లో ఊపినట్టే తల ఊపాడు. మెడ పట్టేసింది. తల కుడి భుజం మీదికి వాలి అక్కడే ఆగింది. అబ్బా అందామంటే గొంతు అప్పటికే పోయింది. గాలి తప్ప మాట రాలేదు.

తల పక్కకు వాల్చితే మన దగ్గర ఏమర్థమో చెప్పక్కర్లేదు. సరే అని.

మొదట భార్య ప్రశాంతి వచ్చింది. తమ్ముడి కుటుంబం నెల రోజులు వచ్చి ఉంటామంటున్నారు, రమ్మననా అని అడిగింది. ఏళ్ల తరబడి అతను దాటేస్తూ వచ్చిన ప్రశ్న అది. "గింత జల్ది ఒప్పుకుంటవనుకోలే" అని మురిసిపోయి, అప్పుడే తమ్ముడికి ఫోన్ కలుపుకుంటూ వంటింట్లోకి పోయింది. మెట్రోలో కాలేజీ పిల్ల ఒకతె లేచి, కూర్చుంటారా అంకుల్ అంది. అతను వద్దనుకున్నాడు. మెడ సరే అంది. కూర్చున్నాడు.

టీమ్‌కు మెసేజ్ పెట్టొచ్చు కదా అంటారు. పాటకు తల ఊపితే మెడ పట్టిందని నలభై ఎనిమిదేళ్లవాడు ఎట్లా రాస్తాడు? మీటింగుకు రాకపోతే పిరికివాడంటారు. వచ్చాడు.

మేనేజర్ యశస్విని సూటిగా అడిగింది. "మధుకర్ గారూ, శనివారాలు మీ టీమ్ వస్తుంది కదా?"

మెడ ఒప్పుకుంది. నితీష్ మొహం మాడిపోయింది. మధుకర్ కంగారుపడి నడుము నుంచి పైభాగమంతా అటూ ఇటూ తిప్పాడు. అడ్డంగా తల ఊపడమంటే అతనికి ఇప్పుడు అంతే. "చూడండి, ఒక్కొక్కరి మొహం చూసి మరీ అడుగుతున్నారు" అంది యశస్విని మెచ్చుకోలుగా. బోర్డు మీద రాసి చెబుదామని లేచాడు. లేచి నిలబడి మద్దతిస్తున్నాడనుకొని ఆమె చప్పట్లు కొట్టింది. మేడమ్ కొట్టింది కాబట్టి, శనివారం పోగొట్టుకున్నవాళ్లూ కొట్టారు. ఆ ఊపులో ఆమె నెలకు రెండు ఆదివారాలు కూడా అడిగింది. మెడ వాటికీ అడ్డు చెప్పలేదు. గదిలో బాగా పనిచేసే గొంతులు అన్ని ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు.

మూలన కూర్చున్న హెచ్.ఆర్. వాసంతికి మాత్రం అనుమానం వచ్చింది. "మధుకర్ గారండీ, మీ మెడ అలాగే ఉండిపోయిందేంటండీ? కొంపదీసి మన కుర్చీల వల్లేనా?"

మెడ కుర్చీల వల్లేనంది.

ఆ కుర్చీలు నడుములు విరగ్గొడుతున్నాయని టీమ్ ఏడాదిగా మెయిళ్లు పెడుతోంది. ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు సాక్ష్యం వంకర మెడతో ఎదురుగా నిలబడింది. వాసంతి బయటికి పోయి కంపెనీ లాయర్‌తో చాలాసేపు మాట్లాడింది. ఇంత జరిగాక పని రోజులు కూడా పెంచితే కేసు మెడకు చుట్టుకుంటుందన్నాడు లాయర్. మధ్యాహ్నానికి మెయిల్ వచ్చింది. కుర్చీలన్నీ మారుస్తారు. శనివారం, ఆదివారం ఎవరూ రానక్కర్లేదు, ఇకమీద కూడా. మధుకర్‌ను కంపెనీ కారులో దవాఖానకు పంపారు.

తల నిలబడి, గొంతు తిరిగొచ్చాక అతను ఆఫీసుకు వచ్చాడు. నితీష్ ఒక్కడికే అసలు సంగతి చెప్పాడు. టీ చల్లారకముందే టీమంతటికీ తెలిసింది. ఎవరూ నవ్వలేదు. అందరూ కలిసి అతని సీటు దగ్గరికి వచ్చారు.

"సార్, రాత్రి కాల్స్‌తోని మస్తు పరేషాన్ అయితున్నది" అన్నాడు నితీష్. "ఆ ఆల్బమ్ జర ఇంకోసారి వినున్రి సార్."

మధుకర్ వాళ్లను ఒక్కొక్కరినే చూశాడు.

"కుదరదు" అన్నాడు.

పిల్లలూ, ఇప్పుడు చేయాల్సింది మీరే. కదలండి, మేడమ్ తలుపు తట్టండి, రాత్రి కాల్స్ ఎత్తేది లేదని చెప్పండి. మెడలు మీకూ ఉన్నాయి.