మేస్త్రీ ఎత్తుకెళ్ళిన కుప్ప

గురువారం పొద్దున క్లైవ్ పాస్కో పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏడింటికి వీధి తోటకు వెళ్ళాలి, ఎరువు కుప్ప మీద కాసిని నీళ్ళు చల్లాలి, పదింటికి వచ్చే కౌన్సిల్ అధికారికి దాన్ని చూపించాలి, ఇంటికొచ్చి టీ తాగాలి. కుప్ప లోపల వేడి ఉండి, బయట కంపు లేకపోతే తోట వీధివాళ్ళకే మిగులుతుంది. ఏమాత్రం తేడా వచ్చినా అక్కడ కార్లు నిలపడానికి తారు పోస్తారు.

బ్రిస్బేన్‌లో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన క్లైవ్‌కి ఆ కుప్పే లోకం. అరటి తొక్క ఎక్కడ వేయాలో, గుడ్డు పెంకు ఎందుకు నలపాలో వీధిలో పిల్లలందరికీ నేర్పింది తనే. నడుం పట్టేసినప్పటినుంచి, అంటే రెండు నెలలుగా, కుప్పను తిరగేసే పని పిల్లలకు వదిలేసి గేటు దగ్గర కుర్చీలో కూర్చుని సలహాలు విసురుతున్నాడు. కుప్ప రోజురోజుకీ చిన్నదవుతుంటే దారినపోయేవాళ్ళను పిలిచి మరీ చూపించేవాడు. "తగ్గిందంటే మగ్గుతోందన్నమాట!"

ఆ గురువారం అది మరీ ఎక్కువ తగ్గింది. నిన్న మధ్యాహ్నం మోకాలెత్తున ఉన్న కుప్ప బదులు చెక్క పెట్టెలో ఒక అవకాడో టెంక మాత్రం మిగిలింది.

"టిల్లీ! కుప్పేదే?"

బడికి సెలవులు కావడంతో మనవరాలు టిల్లీ, ఆమె స్నేహితురాలు సెఫీనా అప్పటికే తోటలో ఉన్నారు.

"మేస్త్రీ పట్టుకెళ్ళుంటాడు తాతా," అంది టిల్లీ తాపీగా.

"మేస్త్రీ ఎవడు?"

"రోజూ వస్తాడుగా. నీకన్నా బాగా తిరగేస్తాడు. పని తెలిసినవాడెవడైనా వస్తే అడ్డుపడకండని నువ్వే అన్నావు. అందుకే పెట్టె ముందు పలక తీసిపెట్టాం."

"మనిషి ఎలా ఉంటాడు?"

పిల్లలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఒళ్ళంతా నలుపు. తల ఎర్రగా ఉంటుంది. మెడలో పసుపుపచ్చగా ఒకటి వేలాడుతుంటుంది," అంది సెఫీనా. "కానీ తాతా, అతను మని..."

క్లైవ్ ఇక వినలేదు. నల్ల కోటు, ఎర్ర జుట్టు, పసుపు టై. పక్కింటి మ్యూరియల్ అల్లుడు! వాడు చేసేది తారు పోసే కాంట్రాక్టు పనే. మొత్తం కుట్ర కళ్ళముందు కట్టినట్టు కనిపించింది. నడుం నొప్పి కూడా మరిచిపోయి పక్కింటి తలుపు దబదబా బాదాడు.

తలుపు తీసిన మ్యూరియల్ చేతిలో చీపురుంది. "వచ్చావా! నేనే వద్దామనుకుంటున్నా. నా గులాబీల కింద పరిచిన బెరడంతా ఊడ్చుకుపోతావా? గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా కూడా వదల్లేదే!"

"నేనా? నా కుప్ప ఎత్తుకెళ్ళింది నీ అల్లుడు!"

"మా గావిన్ నెల్రోజుల్నుంచి పెర్త్‌లో ఉన్నాడు. అయినా తిన్న కంచం తీయనివాడు నీ కుప్ప ఎత్తుతాడటయ్యా?"

క్లైవ్ కాస్త తగ్గాడు. "కార్లు వస్తే నీకు సంతోషమే కదా మరి."

"నా పడగ్గది కిటికీ కింద కార్లు పొగ వదుల్తుంటే నాకెందుకు సంతోషం? నీకసలు బుర్ర ఉందా?"

ఎనిమిదేళ్ళ పక్కిళ్ళ యుద్ధంలో వాళ్ళిద్దరూ ఒకే వైపు ఉన్నారని తెలియడం అదే మొదటిసారి. అప్పటికి తొమ్మిదయింది.

పిల్లల్ని వీధి మీదకు తోలారు. కాఫీ కొట్టునుంచి కాఫీ పిప్పి, మంగలి షాపునుంచి జుట్టు, ఎవరి పచ్చికలోంచో కోసిన గడ్డి వచ్చాయి. మూలింటివాళ్ళు రాత్రి విందులో మిగిలిన రొయ్యల తలకాయలు బకెట్టెడు ఇచ్చారు.

"తాతా, రొయ్యలు వేయకూడదని నువ్వే చెప్పావుగా?" అంది టిల్లీ.

"ఇవాళ వేయొచ్చు."

"ఎందుకు?"

"ఇవాళ గురువారం."

కుప్ప నిలబడింది కానీ పెరట్లో రాయిలా చల్లగా ఉంది. మ్యూరియల్ ఇంట్లోకి వెళ్ళి, తను రాత్రిళ్ళు కాళ్ళ దగ్గర పెట్టుకునే రబ్బరు సంచీలో మరిగే నీళ్ళు పోసి తెచ్చింది. దానికి గులాబీరంగు ఊలు తొడుగుంది. దాన్ని కుప్ప నడిబొడ్డున పూడ్చేసరికి అధికారి స్కీన్ గేటు తీశాడు.

అతను పొడవాటి ఇనప థర్మామీటరు గుచ్చి కనుబొమలెత్తాడు. "అబ్బో! ఇంత వేడా!"

"పిల్లల కష్టమండీ," అన్నాడు క్లైవ్.

"ఇంకా లోపల ఎంతుందో చూద్దాం." అతను బలంగా పొడిచాడు.

బుస్సుమంది. రొయ్యల వాసనతో వేడినీళ్ళు పెట్టెలోంచి అతని బూట్ల మీదకు పారాయి. బయటికి లాగిన థర్మామీటరు కొసన గులాబీరంగు ఊలు వేలాడుతోంది.

"ఇది ఏ రకం చెత్త?" అన్నాడు స్కీన్.

"ఊలండీ," అంది మ్యూరియల్. "గొర్రెదే."

క్లైవ్ పిల్లల వైపు చూశాడు. వాళ్ళు తననే చూస్తున్నారు. చేతిలో టోపీ నలిపాడు. "మోసం చేశానండీ. అసలు కుప్ప పోయింది. ఇందులో పిల్లల తప్పేం లేదు."

"పోలేదు తాతా!" టిల్లీ అరిచింది. "షెడ్డు వెనకాలే ఉంది! పొద్దుట్నుంచి చెబుదామంటే నువ్వు రొయ్యలు, రొయ్యలు అంటావు!"

నడుం పట్టేసిననాటినుంచి క్లైవ్ ఆ తుప్పల్లోకి అడుగుపెట్టలేదు. అక్కడ ఛాతీ ఎత్తున ఎరువు దిబ్బ ఉంది. దాన్లో మ్యూరియల్ బెరడు, పట్టా, పోయిందనుకున్న క్లైవ్ తోట చేతితొడుగు కూడా ఉన్నాయి. దిబ్బ మీద ఎర్రటి బోడితలతో, మెడలో పసుపు తిత్తితో కోడికన్నా పెద్ద నల్లటి అడవి పక్షి, బ్రష్ టర్కీ పుంజు ఒకటి నిలబడి, ముక్కు లోపలికి దించి వేడి చూసుకుంటోంది.

"అదిగో మేస్త్రీ," అంది సెఫీనా.

స్కీన్ థర్మామీటరు గుచ్చాడు. ముప్ఫైమూడు డిగ్రీలు. వాసన చూశాడు. వాన పడ్డ అడవిలా ఉంది. "నాకు తెలిసి ఇంత చక్కని కుప్ప ఈ ఊళ్ళో లేదు. కానీ ఇది గూడు. ఈ పక్షి గుడ్లు పొదిగేది ఈ దిబ్బ వేడితోనే. లోపల గుడ్లుంటే చట్ట ప్రకారం ఎవరూ కదపకూడదు. లేకపోతే మాత్రం..."

దిబ్బ పక్కన మట్టి కదిలింది. పిడికెడు పిల్ల ఒకటి తోసుకుని బయటపడి, ఒళ్ళు దులుపుకుని, స్కీన్ బూట్ల మధ్యనుంచి తుప్పల్లోకి పరుగుతీసింది. తండ్రి తల కూడా తిప్పలేదు. పనిలో ఉన్నాడు.

స్కీన్ థర్మామీటరు బయటికి లాగి తుడిచాడు. "ఇక్కడ కార్లు కుదరవు," అన్నాడు. "ఈయన ఏటా వస్తాడు. తోట మీరే చూసుకోండి. ఆకులు ఈయనకివ్వండి, వంటింటి తొక్కలకు మూతున్న పెట్టె చేయించండి. ముందా రొయ్యలు తీసేయండి." ఇదంతా అతను చెప్పింది క్లైవ్‌కి కాదు, టిల్లీకి.

ఆ శనివారానికల్లా మూత తయారైంది. మ్యూరియల్ పెట్టెకు రంగు వేసింది. పిల్లలు రొయ్యలు నిషేధమని పెద్దక్షరాల్లో రాసి, కింద గురువారాలతో సహా అని చేర్చారు.

నడుం కాస్త కుదుటపడ్డ క్లైవ్ సాయం చేద్దామని పారతో షెడ్డు వెనక్కి వెళ్ళాడు. మేస్త్రీ ఒకసారి ఎగాదిగా చూసి, వెనక్కి తిరిగి, కాలితో ఇంత ఎరువు అతని మొహాన చిమ్మాడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో క్లైవ్‌ని పనిలోంచి తీసేసినవాళ్ళెవరూ లేరు. ఆ ముచ్చట మేస్త్రీ తీర్చాడు.