దర్జీ గారి గుండె జబ్బు

వీధి సంక్షేమ సంఘం ఏకగ్రీవ తీర్మానం ప్రకారం, గుండె జబ్బును అందరికన్నా ధైర్యంగా ఎదుర్కొంటున్న పౌరుడు దర్జీ.

దర్జీకి గుండె జబ్బు లేదు. ఉన్నది హెచ్‌ఐవీ. రోజూ మాత్ర వేసుకుంటాడు. వైరస్ పరీక్షకు కూడా అందనంతగా అణిగిపోయింది. మొదట్లో పక్కింటావిడ మాత్రల సీసా చూసి, "ఏం మందులొదినా ఇవి?" అంటే, దర్జీ భార్య తడుముకోకుండా "ఆయన గుండెకి" అంది. గుండె జబ్బు పరువైన జబ్బు. ఆనాటినుంచి వీధిలో ఎవరూ అతనిచేత బరువు మోయించలేదు, కుట్టుకూలి బేరమాడలేదు. దర్జీ కూడా మెట్ల మధ్యలో ఆగి ఛాతీమీద చెయ్యి వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు.

ఆ ధైర్యానికి దర్జీకి సన్మానం సంఘం హాల్లో జరిగింది. అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"గుండె జబ్బంటే ఏమిటి? మంచితనానికి ప్రకృతి ఇచ్చే కితాబు! చెడు తిరుగుళ్లు తిరిగేవాళ్లకొచ్చే జబ్బులు వేరు. వాటి పేరు ఈ వేదికమీద ఎత్తను."

చప్పట్లు మోగాయి. దర్జీ కూడా కొట్టాడు. కొడుతుండగానే ఎడమ చెయ్యి లాగేసింది, ఒళ్లంతా చెమటలు పట్టాయి. చెయ్యి ఛాతీమీదికి వెళ్లింది. సభ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది.

ముఖ్య అతిథిగా వచ్చిన గుండె డాక్టరమ్మ మాత్రం లేచి వచ్చింది. నాడి చూసి అంబులెన్సు పిలవమంది. "రోజూ ఏం మందులు వాడుతున్నారు?"

"గుండె మందులేనండీ, ఎప్పట్నించో!" ముందు వరస మొత్తం చెప్పింది.

"పేర్లు కావాలి. తెలీకుండా కొత్తవి ఇస్తే రెండూ ఒకదానికొకటి పడకపోవచ్చు."

దర్జీ తన భార్యవైపు చూశాడు. భార్య అధ్యక్షుడివైపు చూసింది.

"చెప్పెయ్యవే," అన్నాడు దర్జీ. "పరువు కోసం చావలేను."

చెప్పింది. అధ్యక్షుడు మైకు ఆపలేదు కాబట్టి వెనక వరసకీ వినపడింది.

ఆస్పత్రిలో స్టెంటు వేశారు. "హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి గుండెపోటు ముప్పు ఎక్కువ," అంది డాక్టరమ్మ. "ఆ మాత్ర మానొద్దు. గుండెకి వేరే వాడాలి. ఇన్నాళ్లలో ఒక్కసారీ గుండె చూపించుకోలేదా?"

"ఎలా చూపించుకుంటానమ్మా? అందరి లెక్కలో చూపించుకుంటూనే ఉన్నాను కదా!"

ఇప్పుడు దర్జీకి నిజంగానే గుండె జబ్బు. సంఘం సన్మానంలో ఇచ్చిన జ్ఞాపికను వెనక్కి తీసుకుంది, చేతి తొడుగులు వేసుకుని. ఇంటికొచ్చిన రోజున భార్య పక్కింటావిడతో, "ఈయన గుండెకి స్టెంటు వేశారొదినా," అంది.

పక్కింటావిడ గుమ్మం దాటకుండానే జాలిగా తలూపింది. "అలాగే చెప్పుకో వదినా. కాదనేదెవరు?"